ఆ పచ్చ చెరువు లెక్క చెప్పండి: మా పక్క థర్మల్ ప్లాంట్ యాజమాన్యానికి, పర్యావరణ అధికారులకి బహిరంగ లేఖ

ప్లాంట్ యాజమాన్యం వారికి, ఆ ప్లాంట్‌కి పర్మిషన్లు ఇచ్చే, తనిఖీలు చేసే అధికారులందరికీ,

నమస్కారం.

ఊరి పేరు, ప్లాంట్ పేరు రాయట్లేదు. మా ఊళ్ళో చాలామంది ఆ గేటు లోపలే కాంట్రాక్ట్ పని చేస్తున్నారు, ఈ లేఖ వల్ల ఎవరి గేట్ పాస్ ఆగినా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పేర్లు లేకపోయినా మీకు మాత్రం మొదటి పేరా చదవగానే అర్థమైపోతుంది, ఎందుకంటే మీ ప్లాంట్ ఆల్గే (నాచు) చెరువు మీద మేం ఇచ్చిన అర్జీలు మీ దగ్గరే ఉన్నాయి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, రసీదు ఇచ్చారు, కొన్నాళ్ళకి ఫోన్‌కి "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది, ఎవరు వచ్చారో ఏం పరిష్కరించారో ఇప్పటికీ మాకు తెలీదు. సమాచార హక్కు కింద అడిగితే "ప్రాజెక్టు పరిశోధన దశలో ఉన్నది" అని ఒక్క లైన్ జవాబు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

విషయం ఆ ఆల్గే చెరువు గురించి. తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. బొగ్గు మండించాక చిమ్నీకి పోయే పొగలో సుమారు 10 నుంచి 15 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అందులో కొంచెం పొగని పైపు వేసి పక్కకి లాగి, చల్లార్చి, లోతు తక్కువ ఉన్న చెరువులో బుడగలుగా వదిలితే నీళ్ళల్లో ఉన్న సూక్ష్మ నాచు ఎండ తగిలినంత సేపు ఆ కార్బన్‌ని తిని పెరుగుతుంది. దాన్ని వడకట్టి ఎండబెట్టి మేతగానో, నూనె తీయడానికో, ఎరువుగానో వాడుకోవచ్చు. ఐడియా మంచిదే, కాదని ఎవరం అనట్లేదు. మీరు రిబ్బన్ కట్ చేసిన రోజు మా ఊరి డ్వాక్రా అక్కలు కూడా వచ్చి చప్పట్లు కొట్టారు, ఆల్గే ఆరబెట్టే పని, ప్యాకింగ్ పని గ్రూపులకే ఇస్తామని స్టేజీ మీద చెప్పారు కదా మరి.

ఇప్పుడు ఆ చెరువులో నీళ్ళు కలిపే చక్రం, ప్యాడిల్ వీల్, తిరగట్లేదు. లైనర్ షీటు ఎండకి పొట్టు లేచి ఒక మూల చిరిగింది. నీళ్ళు అడుగున జానెడు ఉన్నాయి, వాటి మీద తేలేది మీరు వేసిన రకం కాదు, మా ఊరి గుంటల్లో పెరిగే దారం పాచి. పెద్దోళ్ళు విజిట్‌కి వస్తున్నారంటే ముందు రోజు వీల్ మళ్ళీ తిరుగుతుందని లోపల పని చేసే కుర్రాళ్ళు చెప్తారు. ఇది ఒక్కటే అయితే మేం లేఖ రాసేవాళ్ళం కాదు, పాడైన ప్రాజెక్టులు ఈ దేశంలో బోలెడు. కొత్త యూనిట్ కోసం పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణలో మీరు చూపించిన ప్రెజెంటేషన్‌లో మొదటి బొమ్మ ఆ చెరువుదే, "పెరిగే కార్బన్ ఉద్గారాలను ఆల్గే సాంకేతికతతో తగ్గిస్తాం" అని రాశారు, పైగా దాని కోసం ఉప్పు మడుల పక్కనున్న భూమి కూడా కావాలంటున్నారు. పనిచేయని చెరువుని చూపించి కొత్త చిమ్నీకి పర్మిషన్ అడగడం దగ్గర మాకు అభ్యంతరం.

నేనెవరు మాట్లాడటానికి అంటే, నా పనే ఆల్గే. రొయ్య పిల్లల హేచరీలో ఆల్గే సెక్షన్ నాది. వెనామీ పిల్ల గుడ్డులోంచి వచ్చి జోయియా అనే మొదట్లో మేత తినే స్టేజ్‌కి చేరాక దానికి కీటోసెరాస్, థలాసియోసైరా లాంటి డయాటమ్స్, అంటే ఒక రకం సూక్ష్మ నాచు, పెట్టాలి, అవి లేకపోతే పిల్ల బతకదు. బాగా తింటున్న జోయియాకి వెనక పొడుగ్గా మలం దారం వేలాడుతుంటుంది, బీకర్‌లో పట్టి లైటుకి అడ్డంగా పెట్టి చూస్తాం, దారం లేదంటే ఆ రాత్రి ఆల్గే సెక్షన్ వాడికి నిద్ర లేదు. ఫ్లాస్కు నుంచి కార్బాయ్ అనే పెద్ద సీసాకి, కార్బాయ్ నుంచి ట్యాంకుకి పెంచుకుంటూ పోతాం, ప్రతి మెట్టులో గాలి, వెలుగు, సిలికేట్, నైట్రేట్, పీహెచ్ అన్నీ సరిపోవాలి. పొద్దున బంగారు గోధుమ రంగులో ఉన్న ట్యాంకు సాయంత్రానికి క్రాష్ అయి అడుక్కి దిగి వాసన కొట్టడం కోస్తాలో హేచరీ వాళ్ళు ఎవర్ని అడిగినా చెప్తారు. షెడ్డు కింద, ఫిల్టర్ చేసిన సముద్రం నీటిలోనే ఇంత కష్టం. అలాంటిది ఆరుబయట, పొగ పెట్టి, ఏడాది పొడుగునా పెంచుతాం అన్నప్పుడు దానికి మనుషులు కావాలి, మైక్రోస్కోప్ కావాలి, రోజూ లెక్క రాసే రిజిస్టర్ కావాలి. ఆ రిజిస్టర్‌నే మేం అడుగుతున్నాం.

అసలు లెక్క ఎంతో ఇక్కడ వేసి చూపిస్తా, తప్పుంటే మీ ఇంజనీర్లు దిద్దొచ్చు.

ఎండిన ఆల్గే ఒక కిలో తయారవ్వాలంటే సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది, ఇది పుస్తకాల్లో ఉన్న లెక్కే. నీళ్ళు గుండ్రంగా తిరిగే ఆరుబయట చెరువుల్లో (ఓపెన్ రేస్‌వే) బాగా నడిపితే చదరపు మీటరుకి రోజుకి 10 నుంచి 25 గ్రాముల మధ్య పంట వస్తుంది, 15 వేసుకుందాం. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు, కాబట్టి రోజుకి 60 కిలోల ఎండు ఆల్గే, దానికి తగ్గ కార్బన్ డయాక్సైడ్ 110 కిలోల లోపు. ఇప్పుడు మీ వైపు చూద్దాం. బొగ్గుతో ఒక మెగావాట్ గంట సేపు తీస్తే 900 కిలోలకి పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 600 మెగావాట్ల యూనిట్ ఫుల్ లోడ్‌లో నడిస్తే సెకనుకి 150 కిలోలు. అంటే ఎకరం చెరువు రోజంతా కష్టపడి తినేది మీ యూనిట్ ఒక్క సెకను కూడా పట్టకుండా వదిలేస్తుంది. సముద్రంలో కాకిరెట్ట అంటారే, అదీ ఈ లెక్క. మొత్తం పొగని ఆల్గేతో పట్టాలంటే ఒక్క యూనిట్‌కే లక్ష ఎకరాలు దాటుతుంది, అదీ చెరువు ఏ రోజూ క్రాష్ అవ్వకుండా నడిస్తే, ఇంకా రాత్రి పూట నాచు కార్బన్ తినదు, బాయిలర్ మాత్రం రాత్రీ పగలూ మండుతూనే ఉంటుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా ఆల్గే మీద పెద్ద ప్రోగ్రామ్ నడిపింది, న్యూ మెక్సికోలో రోజ్‌వెల్ దగ్గర చెరువులు కూడా తవ్వారు, రాత్రి చలికి దిగుబడి పడిపోతుందని అక్కడే తేలింది, చివరికి ప్రోగ్రామే ఆపేశారు. అరిజోనాలో పవర్ ప్లాంట్ పొగతో ఆల్గే పెంచి పేపర్లన్నిటిలో పడ్డ గ్రీన్‌ఫ్యూయల్ కంపెనీ 2009లో మూతపడింది. ఎక్సాన్‌మొబిల్ ఏళ్ళ తరబడి టీవీ యాడ్స్‌లో పచ్చ నీళ్ళు చూపించి 2023లో ఆల్గే ఇంధనానికి డబ్బులు పెట్టడం మానేసింది. ఇంకో వైపు ఇజ్రాయెల్‌లో అష్కెలాన్ పవర్ స్టేషన్ దగ్గర సీంబయోటిక్ అనే కంపెనీ చిమ్నీ పొగతో నానోక్లోరాప్సిస్ పెంచి చూపించింది, మన పక్కనే ఒడిశా అంగుల్‌లో నాల్కో తన పవర్ ప్లాంట్ దగ్గర పైలట్ చెరువు పెట్టింది. అంటే పెరగడం పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. చిన్న సైజులో పెరుగుతుంది, విలువైన సరుకు తీస్తే గిట్టుబాటు అవుతుంది, ప్లాంట్ పొగని మాత్రం మాయం చెయ్యదు. (సిమెంట్ ఫ్యాక్టరీ అయితే కొంచెం వేరే మాట, అక్కడ సగానికి పైగా కార్బన్ సున్నపురాయిలోంచే వస్తుంది, సోలార్ పెట్టినా అది ఆగదు, కాబట్టి వాళ్ళు కార్బన్‌ని పట్టుకునే దారులు వెతకడంలో అర్థం ఉంది. కరెంటుకి వేరే దారులున్నాయి కదా.)

ఇప్పుడు దీని వల్ల మాకు ఏమవుతుందో వరసగా రాస్తున్నాం.

1. భూమి. మీరు అడుగుతున్న స్థలం కాగితం మీద పోరంబోకు, ఖాళీ. నిజానికి అక్కడ గేదెలు మేస్తాయి, పక్కన ఉప్పు మడులు, అవతల పడవలు లాగే చోటు. కొన్ని ముక్కలు అసైన్డ్ పట్టాలు, అవి పోతే నష్టపరిహారం దగ్గర ఎంత తిరగాలో మొదటి యూనిట్ అప్పుడు భూములు ఇచ్చిన వాళ్ళకి తెలుసు. ఎన్ని ఎకరాలు తీసుకున్నా పై లెక్క ప్రకారం పొగలో కొలవడానికి కూడా అందనంత చిన్న తేడానే వస్తుంది, దానికోసం మా వాళ్ళ జీవనం ఎందుకు పోవాలి?

2. నీళ్ళు. లోతు తక్కువ చెరువు అంటే ఆవిరి ఎక్కువ. రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైనా ఎకరానికి 20 వేల లీటర్లు, ఎండాకాలంలో ఇంకా పైనే. సముద్రం నీళ్ళు వాడతాం అని మీ వాళ్ళు హియరింగ్‌లో అన్నారు, బానే ఉంది, కానీ ఆవిరైన కొద్దీ ఉప్పు పెరుగుతుంది, లీటరుకి 35 గ్రాముల దగ్గర మొదలైన సెలినిటీ (ఉప్పదనం) ఎక్కుతూ పోతుంది, దాన్ని దించడానికి మంచినీళ్ళు పొయ్యాలి. హేచరీలో మేం రోజూ చేసే పని ఇది. ఆ మంచినీళ్ళు ఏ బోరు నుంచి, ఏ కాలవ నుంచి తెస్తారో రిపోర్టులో ఎక్కడా లేదు. మా ఊళ్ళో మే నెలలో తాగే నీళ్ళు ట్యాంకర్ మీద వస్తాయి, అదీ ఒక్కోసారి రెండు రోజులకోసారి.

3. మేత. ఇది నాకు అన్నిటికన్నా భయం వేసే పాయింట్. బొగ్గు పొగలో పాదరసం, ఆర్సెనిక్ లాంటివి కొంచెం కొంచెం ఉంటాయి, నాచుకి లోహాలని ఒంట్లోకి లాక్కునే గుణం ఉంది, అందుకే మురికినీళ్ళల్లో లోహాలు తీయడానికి కూడా దాన్ని వాడతారు. అలా పెరిగిన పౌడర్‌ని "ప్రొటీన్ ఫీడ్" అని బస్తా కట్టి మా ఆక్వా రైతులకి అంటగడితే? ఇప్పటికే ఒకరిద్దరు డీలర్లు "ప్లాంట్ ఆల్గే వస్తుంది, చవకగా ఇప్పిస్తాం" అని అంటున్నారు. రొయ్యలో ఏదన్నా తేడా తేలి ఎగుమతి కంటైనర్ వెనక్కి వచ్చిందంటే ఆ దెబ్బ డీలర్‌కీ తగలదు, మీకూ తగలదు. లీజుకి చెరువు తీసుకుని, ఫీడ్ కొట్లో అప్పు పెట్టి, రాత్రి పూట ఏరియేటర్ల దగ్గర పడుకునే రైతుకి తగులుతుంది. కంపోస్టుకే మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో పాదరసం, సీసం, కాడ్మియం ఎంత దాటకూడదో లిమిట్లు ఉన్నాయి, చిమ్నీ పొగ తిన్న నాచుకి టెస్ట్ రిపోర్ట్ లేకుండా ఒక్క కిలో కూడా గేటు దాటకూడదు.

4. అసలు పొగ. మా ఊళ్ళో బట్టలు ఆరేస్తే పడే బూడిద, ఎండు చేపల మీద పడే నుసి, పిల్లల దగ్గు, ఇవేవీ కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చేవి కావు. బూడిద ఆపాలంటే పొగలోని బూడిదని కరెంటుతో పట్టే ఈఎస్‌పీ యంత్రంలో అన్ని ఫీల్డులూ సరిగ్గా నడవాలి, సల్ఫర్ ఆపాలంటే పొగలోంచి సల్ఫర్ తీసే ఎఫ్‌జీడీ యంత్రం పెట్టాలి. 2015 డిసెంబర్‌లో కేంద్రం రూల్ పెట్టింది, రెండేళ్ళన్నారు, తర్వాత వాయిదా మీద వాయిదా, 2025 జూలైలో దేశంలో ఎక్కువ ప్లాంట్లకి ఎఫ్‌జీడీ అక్కర్లేదని మినహాయింపే ఇచ్చేశారు. చట్టం ప్రకారం మీకు వెసులుబాటు దొరికింది, మా ఊపిరితిత్తులకి అలాంటి నోటిఫికేషన్ ఏమీ రాలేదు. తమాషా ఏంటంటే మీ చెరువు పాడవ్వడానికి కూడా ఇది ఒక కారణం అయ్యుండొచ్చు, సల్ఫర్ తీయని పొగ నీళ్ళల్లోకి వదిలితే పీహెచ్ పడిపోతుంది, రోజూ కనిపెట్టుకుని సరిచెయ్యకపోతే నాచు బతకదు. పైగా జానెడున్నర లోతు నీళ్ళల్లో ఊరికే బుడగలు వదిలితే సగం గ్యాస్ కరగకుండానే పైకి పోతుంది, దానికి గ్యాస్ వదిలే లోతు గుంట (సంప్) ఒకటి కట్టాలి. అది కట్టలేదని బయట నుంచి చూసినా తెలుస్తుంది.

5. ఉద్యోగాలు. డ్వాక్రా గ్రూపులకి చెప్పిన పని ఏదీ రాలేదు. ట్రైనింగ్ అని ఒక పూట కూర్చోబెట్టి, బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్ ఇచ్చి ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో మీ సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక సేవ) పుస్తకంలో ఉంది.

6. కరెంటు. లీటరు చెరువు నీళ్ళల్లో అర గ్రాము ఆల్గే ఉంటే గొప్ప. కిలో తీయాలంటే 2 వేల లీటర్లు వడకట్టాలి, రోజుకి 60 కిలోలంటే లక్షా 20 వేల లీటర్లు. బ్లోయర్, ప్యాడిల్ వీల్, సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్ అన్నీ మీ బొగ్గు కరెంటు మీదే నడుస్తాయి. ఆ కరెంటుకి వచ్చే పొగ తీసేశాక మిగిలే లాభం ఎంతో ఎవరన్నా వేశారా? నూనె తీసి మండిస్తే తిన్న కార్బన్ మళ్ళీ గాలిలోకే పోతుంది, డీజిల్ కొంత మిగులుతుంది అంతే, దాన్ని "కార్బన్ పట్టేశాం" అని చెప్పుకోకూడదు.

ఇవీ మా బాధలు. డిమాండ్లు కూడా వరసగానే రాస్తున్నాం, ఒక్కోదానికి విడిగా జవాబు ఇవ్వండి, అన్నిటికీ కలిపి "పరిశీలనలో ఉన్నవి" అనొద్దు.

ఒకటి, ఆ చెరువు మొదలుపెట్టినప్పటి నుంచి ఎన్ని రోజులు నడిచింది, ఎంత పొగ వదిలారు, ఎన్ని కిలోల ఎండు ఆల్గే తీశారు, అది ఎటు పోయింది, ఎన్ని నీళ్ళు ఎన్ని యూనిట్ల కరెంటు వాడారు, ఈ వివరాలన్నీ పర్యావరణ అనుమతి షరతుల మీద మీరు ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి ఇవ్వాల్సిన ఆరు నెలల రిపోర్టులో పెట్టి, అదే కాగితం తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాలి. తూకం వేసిన రిజిస్టర్ పేజీలతో సహా.

రెండు, కొత్త యూనిట్ ఫైల్లోంచి ఆల్గే వల్ల కార్బన్ తగ్గుతుందన్న మాట తీసేయాలి. లేదంటే ఎన్ని టన్నుల్లో ఎన్ని టన్నులు తగ్గుతుందో పక్కనే అంకె వెయ్యాలి. రెండూ పక్కపక్కన రాస్తే చాలు, చదివే వాళ్ళే చూసుకుంటారు. రేపు కార్బన్ క్రెడిట్ల మార్కెట్‌లో ఈ చెరువు పేరు మీద ఏదన్నా అమ్మాలనుకుంటే అప్పుడు కూడా ఇదే రూల్.

మూడు, ఉప్పు మడుల పక్క భూమి ప్రతిపాదన వెనక్కి తీసుకోవాలి. ప్రయోగం చెయ్యాలంటే ప్లాంట్ లోపల ఖాళీ స్థలం బోలెడు ఉంది.

నాలుగు, పొగతో పెంచిన ఆల్గే బ్యాచ్ బ్యాచ్‌కి లోహాల టెస్ట్ చేయించి రిపోర్ట్ బయటపెట్టాలి, మేతకి, తిండికి అమ్మబోమని రాసివ్వాలి. అధికారులు చెప్పకుండా వచ్చి శాంపిల్ తియ్యాలి, ముందు రోజు ఫోన్ చేసి వస్తే ప్యాడిల్ వీల్ తిరుగుతూనే కనిపిస్తుంది.

ఐదు, ఈఎస్‌పీ, చిమ్నీ దగ్గర ఆన్‌లైన్ మీటర్ రీడింగులు గేటు బయట బోర్డు మీద అందరికీ కనపడేలా పెట్టాలి. ఇప్పుడున్న బోర్డు ఎండకి వెలిసిపోయి ఏ అంకె ఏంటో తెలీట్లేదు.

ఆరు, చెరువు నిజంగా నడుపుతామంటే మేం సాయం చేస్తాం, ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. కోస్తాలో హేచరీలకి ఆల్గే తెలిసిన కుర్రాళ్ళు దొరకట్లేదు, మా మండలంలో ఆక్వాకల్చర్, జువాలజీ డిగ్రీలు చేసి ఖాళీగా ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారు. పొగ గొట్టం తీసేసి, సిలిండర్‌లో వచ్చే శుభ్రమైన కార్బన్ డయాక్సైడ్‌తో, షెడ్డు వేసి, చిన్న ల్యాబ్ పెట్టి, మైక్రోస్కోప్ కింద సెల్ కౌంట్ చెయ్యడం దగ్గర నుంచి నేర్పితే ఏడాది తిరిగేసరికి వాళ్ళకి ఉద్యోగాలు దొరుకుతాయి. డ్యూటీ అయ్యాక సాయంత్రాలు వచ్చి నేనే నేర్పుతా, జీతం అక్కర్లేదు. పొగతో ప్రయోగం పక్కన వేరే చెరువులో చేసుకోండి, దాని లెక్క వేరేగా రాయండి.

అధికారులకి విడిగా ఒక మాట. హియరింగ్ రోజు మైకు దగ్గర మా వాళ్ళు అడిగిన ప్రశ్నలు మినిట్స్‌లో "ప్రాజెక్టును స్వాగతించారు" అని ఎలా మారాయో మాకు అర్థం కాలేదు. వీడియో మీ దగ్గర ఉంది, మా దగ్గర కూడా ఉంది. రెండూ పక్కన పెట్టుకుని మినిట్స్ సరిచెయ్యండి.

వచ్చే డిసెంబర్ 1 రిపోర్టులో ఈ లెక్కలు కనపడకపోతే ఈ లేఖ, చెరువు ఫోటోలు, గ్రీవెన్స్ రసీదులు, హియరింగ్ వీడియో అన్నీ కలిపి ఢిల్లీలో విస్తరణ ఫైలు చూస్తున్న ఎక్స్‌పర్ట్ అప్రైజల్ కమిటీకి పంపుతాం. కవర్ మీద అడ్రస్ కూడా రాసి పెట్టుకున్నాం.

ఇట్లు,
ప్లాంట్ చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, మత్స్యకారులు, డ్వాక్రా సంఘాల తరఫున
ఒక హేచరీ ఆల్గే టెక్నీషియన్